రమణ లాగిన్

జూన్ 3, మంగళవారం
రొయ్యలు నిల్వ చేసే మూడో కోల్డ్ రూం మళ్లీ మైనస్ ఎనిమిది డిగ్రీలు చూపిస్తోంది. ఉండాల్సింది మైనస్ పద్దెనిమిది. వారంలో ఇది రెండోసారి. తలుపు మూసే ఉంది, కంప్రెసర్ బాగానే తిరుగుతోంది. ఎవరో కంప్యూటర్‌లో అంకె మార్చారు. రికార్డులో పేరు — రమణ.
పదకొండేళ్లుగా ఈ మిషన్లు చూస్తున్న మనిషి.

జూన్ 4
రమణని అడిగాను. "నాను ముట్టుకోనేదు మేడం" అన్నాడు, గ్లవ్స్ విప్పుతూ. అంకె మారింది నిన్న మధ్యాహ్నం ఒంటి గంటా పదికి. అప్పుడు క్యాంటీన్‌లో ఉన్నానంటాడు. క్యాంటీన్‌లో అడిగితే — "ఉన్నట్టే ఉన్నాడండి." ఉన్నట్టే అంటే?
వేరే ప్లాంటు వాళ్లు అతన్ని పనికి పిలిచారని విన్నాను. పోతూ పోతూ మమ్మల్ని ముంచాలనా...

జూన్ 6
రమణ ఫోన్ మాట్లాడుతూ నన్ను చూసి గొంతు తగ్గించాడు.

జూన్ 9, సోమవారం
నిన్న సెలవు. ఈసారి సున్నా దాటించారు. పెట్టెల్లో రొయ్యలు మెత్తబడిపోయాయి, అడుగున ఎర్రటి నీళ్లు. ఓడ ఎక్కాల్సిన కంటైనర్ ఆగిపోయింది.
లాగిన్ రమణదే. ప్లాంటు మేనేజరుగా ఓనరు గారి ముందు ఆ రికార్డు ప్రింటు పెట్టింది నేనే. రమణ కాగితం చూడలేదు, నన్నే చూశాడు. "నిన్న మా మేనకోడలి పెళ్లిసూపులు మేడం. మా ఊరు యారాడలో అందరూ సూసేరు నన్ను."
"పేరు నీదే గదా. రేపట్నించి రావద్దు" — ఓనరు గారు.
తాళాలు గేటు దగ్గర ఇచ్చేసి వెళ్లాడు.

జూన్ 12
కంప్యూటర్ ముందు నేనే ఉన్నాను. మౌస్ మీద చేయి లేదు. బాణం కదిలింది. మెల్లగా మూడో గది మీదికి వెళ్లి, పద్దెనిమిది చెరిపి... ఎనిమిది. పైన రమణ పేరు. మనిషిని తీసేశాం, పేరు తీయలేదు.
నెట్ వైరు పీకేశాను.

జూన్ 13
మిషన్లు బిగించిన కంపెనీ ఇంజనీరు వచ్చాడు. స్క్రీన్ చూడగానే — "ఇంకా ఈ పాత సిస్టమేనా?" దీనికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఏళ్ల క్రితమే ఆగిపోయాయట. నెట్‌కి కలిపి ఉంచితే తలుపు తీసిపెట్టినట్టేనట. లోపలికి వచ్చినవాళ్లకి రమణ పాస్‌వర్డ్ దొరికింది, అంతే.
"మార్చమని పోయినేడాది మెయిల్ పెట్టాం కదండీ."
పెట్టారు. చదివాను. "పన్సేత్తంది గదా, ఉండనీ" అన్నారు ఓనరు గారు. మారిస్తే వారం రోజులు పని ఆగుతుంది... నేనూ సరేనన్నాను. ఆ సంగతి ఆయనా ఎత్తడం లేదు, నేనూ ఎత్తలేదు.

జూన్ 15, ఆదివారం
చర్చి నుంచి నేరుగా యారాడ. రమణ వాళ్ల అన్నతో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. అంతా చెప్పాను, మెయిల్ సంగతితో సహా. రమణ వాళ్లావిడ టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.
వల ముడి బిగిస్తూ రమణ — "బాణం కదల్డం సూసేరు గాబట్టి నమ్మేరు. నా మాట మట్టుకు ఇన్నేదు."
తిరిగి రమ్మన్నాను. "సూత్తాను మేడం." వల మీంచి కళ్లెత్తలేదు.

జూన్ 18
కొత్త కంప్యూటర్ పెట్టారు. రమణ పేరు చేర్చాలా అని ఇంజనీరు అడిగితే చేర్చమన్నాను. రమణ రాలేదు.

జూన్ 20
ఇంజనీరు ఫోన్. సిస్టంలోకి వచ్చినవాళ్లు ఎవరో, ఎక్కడివాళ్లో తేలలేదట. "ఒకటి మాత్రం చెప్పగలను మేడం. మిగతా గదులు ముట్టుకోలేదు, మూడో గదిలోనే ఎగుమతి సరుకు ఉంటుందని వాళ్లకి తెలుసు."
బయటివాళ్లకి ఎలా తెలుసు? మావాళ్లలో ఎవరో చెప్పి ఉండాలి... లేదా ఊరికే ఆ గదే తగిలి ఉండాలి.
వెంటనే ఒక పేరు తట్టింది. ఈసారి రుజువు లేకుండా ఇక్కడ రాయను.