అతుక్కున్న రెండు పేజీలు

రాకిరాకి,
11 మార్చి 2018.

చిరంజీవి శోభనను దీవించి తాత నరసింహ రాసే ఉత్తరం. ఏ ఉత్తరమైనా 'ఇక్కడ అందరం క్షేమం' అని మొదలుపెట్టాలని ముప్పై ఏళ్లు బడిపిల్లలకు నేర్పాను. నా పాఠం నేనే దాటితే బాగుండదు. కాబట్టి ఇక్కడ క్షేమం. నీ క్షేమం ఇప్పుడు నువ్వే డాక్టరుకు చెప్పుకుంటున్నావని మీ అమ్మ షీలా నమాకా నుంచి ఫోన్ చేసి చెప్పింది.

ఇప్పుడు నువ్వుంటున్న సువాలో పెద్దవాళ్ల క్లినిక్‌కు ఒక్కదానివే వెళ్లావట. పద్దెనిమిది నిండాయి, రూలు రూలే. అక్కడ గోడల మీద ఏనుగు బొమ్మలు లేవనీ, పక్క కుర్చీల్లో అందరూ నా ఈడువాళ్లే అనీ, నీ పేరు పిలవగానే నాకోసం వెనక్కి తిరిగి చూశావనీ విన్నాను. అలవాటు మరి. మీ అమ్మానాన్నలవి నమాకాలో షిఫ్టు ఉద్యోగాలు కావడంతో నువ్వు నా దగ్గరే పెరిగావు. లౌటోకా పిల్లల వార్డుకు ఎనిమిదేళ్లు నేనే తిప్పాను. నొప్పి నీది, నోరు నాది.

సామి డాక్టరు ఎలా ఉందమ్మా అని నిన్ను అడిగేవాడు. జవాబు నేను చెప్పేవాణ్ణి. రోజుకు ఎన్ని విరేచనాలయ్యాయో, రక్తం పడిందో లేదో, ఏ మాత్ర పడలేదో, అన్నీ. నీకు పదహారు రాగానే నర్సు పార్బతి అడ్డుపడింది. "మాస్టర్‌జీ, థోరా బాహర్ బైఠో" అంది. కాస్త బయట కూర్చోవాలట! పిల్లల్ని తరగతి బయట నిలబెట్టిన నన్నే బయట కూర్చోబెట్టింది. మొదటిసారి అయిదు నిమిషాలు, తర్వాత పావుగంట, చివరికి మొత్తం. నీకున్నది క్రోన్స్ అనే పేగుల జబ్బని, ఏ మాత్ర ఎందుకు వేసుకుంటున్నావో, ఒంట్లో తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలో నీ నోటితో నువ్వే చెప్పాలని ఆమె పట్టు. నాకు ఒళ్లు మండింది. అయినా తవువాలో, బా ఊళ్లో బస్సు ఆగినప్పుడల్లా నిన్ను మరుగుదొడ్డికి తీసుకెళ్లి తెస్తూ, దారంతా అవన్నీ ఎక్కాల్లా వల్లె వేయించింది నేనే. ఆమెకు చెప్పకు.

నోటుబుక్కుల సంగతికి వస్తాను. రోజూ ఎలా ఉంటోందో రాసి తెమ్మని వార్డువాళ్లు మొదట్లోనే చెప్పారు. రాశాను, తెలుగులో. నిజం రాయాలంటే నా చేతికి ఆ అక్షరాలే వస్తాయి. ఆరు పుస్తకాలు నిండాక, సువాకు నకలు పంపాలి కదా అని తెరిచి చూసిన పార్బతి తల పట్టుకుంది. వార్డు మొత్తంలో వాటిని చదవగలవాణ్ణి నేనొక్కణ్ణే. ఇక చేసేదేముంది, రెండేళ్లు కూర్చోబెట్టి నీకు తెలుగు నేర్పాను. లోకమంతా అమ్మ, ఆవు అని మొదలుపెడుతుంది. నువ్వు కడుపునొప్పి, విరేచనం, జ్వరం అని మొదలుపెట్టావు. కొత్త డాక్టరమ్మ ముందు ఒక్కో పేజీ ఇంగ్లీషులో చదివి వినిపించావట. నా నౌకరీ మొత్తంలో ఇంత అక్కరకొచ్చిన శిష్యురాలు లేదు.

ఇంట్లో ఇంకెవరికీ ఈ జబ్బు లేదని కూడా గట్టిగా చెప్పావట. మొదటి పుస్తకంలో రెండు పేజీలు అతుక్కున్నాయనీ, వాటిలో ఏముందో తాతను అడిగి రమ్మని డాక్టరమ్మ అందనీ మీ అమ్మ చెప్పింది. నీ మందు మార్చాలా వద్దా అన్నది ఇరవై ఆరో తేదీన తేలుస్తుంది కాబట్టి ఈలోగా ఏదీ విడవకుండా తెలియాలట. తుఫానుకు మన ఇంటి కప్పు లేచిపోయినప్పుడు పుస్తకాలు తడిశాయి కదా. తేమకు అతుక్కుని ఉంటాయి.

ఇక్కడి విశేషాలు పెద్దగా లేవు. వానలకు చెరుకులో కలుపు ఏపుగా పెరిగింది. సాయంత్రాలు రాందాస్ దుకాణం ముందు, వేరు దంచి కలిపిన యంగోనా మత్తునీళ్ల గిన్నె చుట్టూ అదే గుంపు. వాళ్లు తాగుతారు, నేను ఊరికే కూర్చుంటాను. మనవరాలు వెళ్లిపోయింది కదా, ఇకనైనా కూరలో మిరపకాయ వేసుకో మాస్టర్ అని రాందాస్ ఆటపట్టిస్తున్నాడు. నీ కోసం కారం మానేశానని ఎనిమిదేళ్లుగా ఊరంతా నన్ను మెచ్చుకుంటోంది. ఊరికే వచ్చే మెప్పును ఎవరు వద్దంటారు?

మాత్రలు మానకు. రక్తపరీక్ష తేదీ దాటనివ్వకు. నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది. నాకు దిగులుగా ఉంది. అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఆశీస్సులతో,
మీ తాత,
నరసింహ

తా.క. కవరు అంటించబోతూ ఆగాను. రాయడానికి ఉంది.

ఆ పేజీలు తేమకు అతుక్కోలేదు. అన్నం మెతుకులు పెట్టి నేనే అతికించాను. ఆవిరి పట్టిస్తే విడిపోతాయి, విప్పి డాక్టరమ్మకు చదివి వినిపించు. మొట్టమొదటి రోజు సామి డాక్టరు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగాడు. మీ అమ్మ ఆలోచించే లోపే లేదన్నాను. ఇంటికొచ్చి నిజం రాసుకున్నాను. నాకుంది. నువ్వు పుట్టకముందు నుంచీ ఇదే నొప్పి, ఇదే రక్తం. నడుము నొప్పి అని బడికి సెలవు పెట్టిన రోజులన్నీ అవే. కారం నీ కోసం మానలేదు, అంతకు ఎన్నో ఏళ్ల ముందే మానేశాను. దారిలో మరుగుదొడ్లన్నీ నాకెలా తెలుసని అడిగేదానివి. అలా తెలుసు.

ఇంతవరకూ ఏ డాక్టరుకూ చూపించుకోలేదు. సిగ్గు. ఈ బాధ నా వల్లే వచ్చిందని నువ్వు అనుకుంటావని భయం కూడా. అప్పుడు నీ తరఫున నేను అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఆ 'లేదు' నువ్వు నీ నోటితో చెప్పి వచ్చావని విన్నప్పటి నుంచీ అన్నం సహించడం లేదు. దాన్ని దిద్దు.

ఇరవై ఆరున నేనూ వస్తున్నాను. నాకూ ఒక నంబరు తీయించు. లోపల నా సంగతి నేనే చెప్పుకుంటాను, నువ్వు బయట కూర్చో. తలుపు మాత్రం కాస్త తీసి ఉంచమను.