ఖాళీ అని రాసిన గది

జూలై, మంగళవారం. ఐన్ ఖాలిద్, గల్ఫ్.

ఆసుపత్రిలో కరెంటు వాడకం బాగా తగ్గిందని ఇవాళ మేనేజర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. డాబా మీద సోలార్ పలకలు, మనిషి వస్తేనే వెలిగే లైట్లు, అనవసరమైన ఏసీలు ఆపడం, అన్నీ కరెంటు ఆదా చూసే ఇంజనీరుగా నేను చెప్పినట్టే చేశారు. ఆ సంతోషంతో డాబా చూద్దామని బయలుదేరితే, పలకలు కడిగే జగిత్యాల రాజన్న మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"ఇక్కడ కూర్చున్నావేం రాజన్నా?"

"కింద రూముల ఏసీ బందైంది సార్. పొద్దుగాల పని అయినంక బస్సు వచ్చేదాక ఆడ్నే కూసుంటుంటిమి."

ఆ ఏసీ ఆపించింది నేనే. మూడుసార్లు వెళ్ళి చూసి, ఆ గది ఖాళీ అని రాశాను.

"నేనెప్పుడొచ్చినా అందులో ఎవరూ లేరే?"

"మీరొస్తుండ్రని తెల్వంగనే లేసి బయటికి పోతుంటిమి సార్. ఇంజనీర్ సార్ ముంగట కూసుంటే మంచిగుండదు గద."

రేపు పొద్దున్నే ఆ ఏసీ వేయిస్తాను. అదేమంత పెద్ద పని కాదు. కానీ ఆసుపత్రిలోని మిగతా నాలుగు భవనాల్లోనూ నేను ఖాళీ అని రాసిన గదులున్నాయి. నన్ను చూసి వాటిల్లోంచి ఎవరెవరు లేచి వెళ్ళిపోయారో...