గ్యాస్‌బత్తికి ఆ పేరెట్లొచ్చింది

మేడ్చల్, 1946 మే, శుక్రవారం.

పొద్దుగూకినంక మేనబావ పెండ్లి ఊరేగింపు బరాత్‌ల, గ్యాస్‌బత్తి నెత్తిన మోస్తున్న కూలి పోశవ్వను నేనే ఆపిన. బడిపంతులును గదా, పెండ్లోళ్లకు నా చదువు చూపియ్యాలె. "గ్యాస్‌బత్తి అని ఎందుకంటరో ఎరుకేనా? గిండ్ల పోసేది నూనెనే. పంపు కొడితే నూనె పైకెక్కి, వేడికి ఆవిరైతది. గా ఆవిరినే ఇంగ్రేజీల గ్యాస్ అంటరు" అని కట్టెతోని చూపించుకుంట చెప్పిన. అందరికి కనవడాలెనని ఆమెను అటు ఇటు తిప్పిన.

"పంతులయ్యా, ఇగ నడవాల్నా? నెత్తి కాగుతాంది" అన్నది పోశవ్వ.

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్వి, వెనక వచ్చినోళ్లకు మల్ల మొదటికెల్లి చెప్పిన.

ఇంటికొచ్చి, గిది రాసుకుంటున్న గీ కందిలి దీపం మీద అరచెయ్యి పెట్టి చూసిన. జరసేపటికే గుంజుకున్న. పోశవ్వ మాత్రం, నేను చెప్పినంత సేపు, బత్తి పడుతదని నెత్తిని జరంత గూడ కదిలియ్యలే.