జానకి ముఖానికి రాసిన క్రీము

అమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీకు చదువు రాదని తెలిసీ రాస్తున్నాను. చెప్పుకోడానికి నాకింకెవరూ లేరు.

నీ మనవరాలు జానకి హాస్టల్ నుంచి వచ్చేసింది. అక్కడి పిల్లలు నలుపని ఏడిపిస్తుంటే, గుమ్మలక్ష్మీపురం సంతలో తెల్లబడే క్రీమేదో కొనుక్కుని మూడు నెలలు రాసుకుంది. మొదట్లో కాస్త తెల్లబడిందట. తర్వాత బుగ్గలు ఎర్రగా కమిలి, పొరలు లేచాయి. డాక్టరమ్మ చూసి, వెంటనే మానేయమంది. మానేస్తే మంట ఇంకా ఎక్కువైంది.

నువ్వు మాకు చేసినట్టే కొండపసుపు నూరి, ఇప్పనూనెలో కలిపి దాని దగ్గర కూర్చున్నాను. రాగిపిండితో చోడి అంబలి కూడా కాచాను. అది నా చేతిని తోసేసింది.

"అమ్మమ్మ జన్మంతా ఇదే రాసుకున్నాది. నల్లగానే సచ్చిపోనాది కదా," అంది.

"ముసలితనంలో కూడా అమ్మమ్మ మొహం ఎంత నున్నగా ఉండేదో నీకు తెల్దేటి?" అన్నాను.

"ఎవులు సూసినారు?" అంది.

రెండు రోజులు అది ఏమీ తినలేదు, గుమ్మం దాటి బయటికి రాలేదు. మూడో రోజు సంతకి నేనే వెళ్ళి ఆ క్రీమే కొని తెచ్చాను. అద్దం ముందు కూర్చుని రాసుకుంటూ, అన్ని రోజుల తర్వాత నాతో మెత్తగా మాట్లాడింది.

"అమా, నువ్వూ రాసుకుంటావేటి?"

నేను కళ్ళు మూసుకుని ముఖం దాని ముందుకు వంచాను.

నీ కూతురు