బావకి రిమోట్ ఎంచిపెట్టాను

మార్చి 3

అక్క ఫోన్. బావకి రిమోట్ కార్ల పిచ్చి పట్టిందట. కారు కొనేశాడట. చేత్తో పట్టుకునే ట్రాన్స్‌మిటరూ, కార్లో పెట్టే రిసీవరూ నన్ను ఎంచిపెట్టమంది. చెప్పుల షాపు నడుపుకునే మనిషికి రేడియో ఎందుకు? ఫిజిక్స్ చెప్పే తమ్ముడున్నాడని ఎంత అలుసో!

మార్చి 5, సాయంత్రం

షాపుకి తీసుకెళ్లాను. నా పరువు తీశాడు. ఒక్కో ట్రాన్స్‌మిటర్నీ చేత్తో పట్టుకుని, చెప్పు సైజు చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు. పది ఛానెళ్లది తీసుకో బావా అన్నాను. కారు తిరగడానికొకటి, పరిగెత్తడానికొకటి, రెండు చాలవా అన్నాడు. రేంజి గురించి ఒక్క ముక్క అడగలేదు. ఈ రిసీవరు దీంతో మాట్లాడుతుందా అని మాత్రం షాపువాణ్ణి మళ్లీ మళ్లీ అడిగాడు. మాట్లాడుకోవడానికి అవేమైనా వియ్యంకులా! చివరికి చేతికి కుదిరిందని ఓ మామూలుది కొన్నాడు. నేను నా కారుకి పెద్ద స్క్రీనున్నది తీసుకున్నాను. చూసైనా నేర్చుకుంటాడని.

మార్చి 6

బావ మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదువుతున్నాడట, పెన్సిల్‌తో గీతలు గీస్తూ. నవ్వలేక చచ్చాను.

మార్చి 9

బయటి ఊరి పోటీకి మా రిమోట్ కార్ల క్లబ్బు ఒక్కరినే పంపుతుంది. ఆదివారం మాలో మాకు పోటీ పెట్టి తేలుస్తారు. రెండేళ్లు కూర్చుని నా చేత్తో కట్టుకున్న కారు ఇది. ఇది పోతే మళ్లీ కట్టే ఓపిక నాకు లేదు. ఆ చోటు నాకు కావాలి, అంతే. బావ కూడా పేరిచ్చాడట. సిగ్గుండాలి.

మార్చి 12

బావ తన డబ్బా పట్టుకొచ్చాడు. రిసీవర్ని ట్రాన్స్‌మిటర్‌కి ఎలా జత చెయ్యాలో చూపిద్దామని ముందు నాది బైండ్ చేశాను. బైండ్ అవుతున్నంతసేపూ ట్రాన్స్‌మిటర్ ఊపుతూ సిగ్నల్ మీద ఓ క్లాసు పీకాను. స్టాండు మీద కారు చక్రాలు గిర్రున తిరిగాయి. చూశావా ఎంత బాగా కలిశాయో అన్నాను. బావ వేలు, వేలు అంటూ ఏదో నసిగాడు. నేను చెప్పేటప్పుడు అడ్డు రావద్దన్నాను. తన డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. ఇలాంటివాళ్లకి చెప్పడం నాదే బుద్ధి తక్కువ.

మార్చి 15, ఆదివారం

పోటీకి ముందు క్లబ్బు సెక్రటరీ ఓ పరీక్ష పెట్టాడు. కారు నడుస్తుండగా ట్రాన్స్‌మిటర్ ఆపెయ్యాలి. సిగ్నల్ పోగానే కారు ఆగాలి. బావది బుద్ధిగా ఆగింది.

నాది ఆగలేదు. ఉన్న స్పీడంతా అందుకుని పోయి గోడకి కొట్టుకుంది. ఓ చక్రం దొర్లుకుంటూ వచ్చి సెక్రటరీ కాళ్ల దగ్గర పడింది. బైండ్ చేసేటప్పుడు స్పీడు పెంచే ట్రిగ్గర్ ఎలా ఉంటే, సిగ్నల్ పోయాక కారు అలాగే పోతుందట. మాన్యువల్లో ఉందట. నేను క్లాసు పీకినంతసేపూ నా వేలు ట్రిగ్గర్ మీదే ఉంది, నొక్కి.

చోటు బావకి వచ్చింది. నడపడం కూడా రాదు వెధవకి, మలుపు మలుపుకీ నత్తలా నడిపాడు. మిగతావాళ్లవి బోల్తా పడ్డాయి, బావది ఒక్కసారీ పడలేదు, అంతే. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

మార్చి 21

బావ నా కారు బాగు చేసి తెచ్చాడు. ఆదివారం మాట ఎత్తలేదు. మళ్లీ బైండ్ చెయ్యాలన్నాడు. ముందు వేలు తియ్యమన్నాడు.

తీశాను.