కండక్టరు గారి ముప్పై గంటలు

ఖమీస్ ముషైత్,
ఏప్రిల్ 3

పూజ్యులైన శ్రీవారికి దయావతి వందనాలు.

ఇక్కడ సౌదీలో నేను బతికే ఉన్నాను. పాలకొల్లులో మీరూ అత్తయ్యగారూ క్షేమమని తలుస్తాను. ఫోన్ చేస్తే నాకు ఏడుపొస్తుంది, నేను ఏడిస్తే మీరు కంగారుపడి ఫోను అత్తయ్యగారి చేతిలో పెట్టేస్తారు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. మీరూ అలాగే రాయండి.

మే పదో తేదీతో నా నర్సింగ్ లైసెన్సు గడువు తీరిపోతుంది. మళ్ళీ ఇవ్వాలంటే ముప్పై గంటల శిక్షణ తరగతులకు హాజరైనట్టు సర్టిఫికెట్లు చూపించాలి. పోయినేడు నేను చేసినవి చెల్లవని కొట్టేశారు. పంతొమ్మిదేళ్ళుగా డయాలసిస్ వార్డులో చేస్తున్నానండీ. చేతులు కడుక్కోవడం నాకు వచ్చని ఇప్పుడు ఎవరో కాగితం రాసివ్వాలట.

ఆన్‌లైన్ తరగతులున్నాయి. ప్రతి సోమవారం పొద్దున సీట్లు వదులుతారు, ఐదు నిమిషాల్లో అయిపోతాయి. ఆ వేళకు నా చేతిలో రోగి చెయ్యి ఉంటుంది, నా ఫోను లాకర్లో ఉంటుంది. మీరు కండక్టరు, సీటు చూపించడం మీకు కొత్త కాదు. ఈ లింకులో నాలుగు వారాలూ సీటు పట్టండి చాలు. రికార్డింగు రెండు రోజులు ఉంచుతారు, నేను డ్యూటీ దిగాక చూసుకుంటాను.

మీ మీదే ఆశ పెట్టుకున్న
దయావతి

తా.క.: లైసెన్సు పోతే ఇక్కడ ఉండనిచ్చే ఇకామా పోతుంది, ఆ వెనకే నేనూ పోవాలి. అత్తయ్యగారికి చెప్పకండి. నేను ఇంటికొచ్చేస్తున్నానని చర్చిలో స్తుతికూటం పెట్టించేస్తారు.

*

పాలకొల్లు,
ఏప్రిల్ 10

ప్రియమైన దయావతికి నెహెమ్యా రాయునది.

సీటు దొరికింది! కిటికీ పక్కది అడుగుదామని చూశాను గానీ అందులో అలాంటి ఏర్పాటు లేదు. ఎనిమిది గంటల తరగతి, రెండు రోజులు. నువ్వు పన్నెండు గంటలు నిలబడి, వచ్చి మళ్ళీ ఫోను ముందు కూర్చోవడం నా మనసుకు నచ్చలేదు. అందుకని నేనే కూర్చున్నాను.

మొదటిరోజు సెలవు పెట్టాను. రెండోరోజు రాజోలు సర్వీసులో చెవిలో పెట్టుకుని విన్నాను. పది నిమిషాలకోసారి ‘ఉన్నారా’ అని తెర మీద అడుగుతుంది, నొక్కాలి. చించినాడ వంతెన మీద సిగ్నల్ పోతే డ్రైవరు ఉదయకిరణ్ చేత బస్సు ఉరికించి, అవతలి ఒడ్డున నొక్కాను. చివర్లో పరీక్ష పెట్టారు. ఇరవైకి పంతొమ్మిది. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ కష్టంలో సగం మోస్తున్న
నెహెమ్యా

తా.క.: చేతులు కడిగే ఆరు పద్ధతులూ ఉదయకిరణ్‌కి నేర్పాను. ఇద్దరం కడుక్కునేసరికి బస్సు ఇరవై నిమిషాలు లేటు. డిపో మేనేజరు సంజాయిషీ అడిగితే ‘చేతుల శుభ్రత’ అని రాసిచ్చాను.

*

ఖమీస్ ముషైత్,
ఏప్రిల్ 13

శ్రీవారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నమ్మలేక రెండుసార్లు చదివాను. సీటు పట్టమన్నాను గానీ నేనైపోయి కూర్చోమనలేదు కదండీ! నా బదులు ఇంకొకరు హాజరు వేయించుకున్నారని తెలిస్తే ఉద్యోగమే కాదు, నర్సు అన్న పేరే నాకు మిగలదు. దయచేసి ఇక కూర్చోకండి. సీటు మాత్రం పట్టండి, చూడటం నేను చూస్తాను. ఆ ఎనిమిది గంటలూ వేరే ఎలాగో చేసుకుంటాను.

నా లైసెన్సు ఖాతాలో ఇంకా గంటలేమీ ఎక్కలేదు. మా వార్డు ఇన్‌ఛార్జి ఫర్హీన్‌ని అడిగితే, “దో హఫ్తే లగేంగే, సబర్ కరో” అంది. రెండు వారాలు ఓపిక పట్టాలట. ఓపిక కూడా అయిపోవచ్చింది నాకు.

రోజూ ఖాతా తెరిచి చూస్తున్న
దయావతి

తా.క.: తప్పు పోయిన ఆ ఒక్క ప్రశ్న ఏది? నిజం చెప్పండి. ఇన్నేళ్ళ సర్వీసు మీద నాకు ఒక మార్కు తగ్గించారు మీరు.

*

పాలకొల్లు,
ఏప్రిల్ 25

దయకు ప్రేమతో.

జవాబు ఆలస్యమైంది. ఫోను రోజూ తరగతిలో ఉంటోంది. కూర్చోవద్దన్నావు గానీ, పట్టిన సీటు ఖాళీగా తీసుకెళ్ళడం నా ఉద్యోగ ధర్మం కాదు. రెండో వారం, మూడో వారం కూడా కూర్చున్నాను. మొత్తం ఇరవై రెండు గంటలయ్యాయి.

ఇందులో భయపడటానికి ఏముంది చెప్పు? నేనేం దొంగచాటుగా చేయలేదు. కెమెరా ఆన్ చేయమంటే చేశాను, ఖాకీ చొక్కాతోనే కనిపించాను. పాఠం చెప్పే డాక్టరుగారు ‘వెల్‌కమ్ మిస్టర్ నెహెమ్యా’ అని ఎంతో మర్యాదగా పలకరించారు. తప్పిన ప్రశ్న డయాలసిస్‌ది. నిన్ను అడిగి రాద్దామంటే నీ ఫోను లాకర్లో ఉంది.

రాత్రింబవళ్ళు నీకోసం చదువుతున్న
నెహెమ్యా

తా.క.: నిన్న వెనక సీట్లో ఒకాయన కదలకుండా పడి ఉంటే బస్సు ఆపించి ఛాతీ నొక్కాను. ముప్పైసార్లు నొక్కాలి కదా, పదకొండో దానికే లేచి నన్ను కొట్టాడు. మధ్యాహ్నం కల్లు తాగి నిద్రపోతున్నాడట పాపం.

*

ఖమీస్ ముషైత్,
ఏప్రిల్ 25

ఏమండీ,

మిస్టర్ నెహెమ్యానా?

రికార్డింగు లింకు నాకు తెరుచుకోవడం లేదు. ఖాతాలో ఇంకా సున్నాయే ఉంది. ఫారంలో ఎవరి పేరు రాశారు? క్షేమసమాచారాలు వద్దు, ఇదొక్కటి చెప్పండి.

దయావతి

తా.క.: ఎవరి పేరు?

*

పాలకొల్లు,
మే 1

దయకు నెహెమ్యా దీవెనలు.

కూర్చున్నది నేను కాబట్టి నా పేరే రాశాను. నీ పేరు రాస్తే అబద్ధమవుతుంది కదా. నువ్వు కూడా అది తప్పని రాశావు. అది చదివాక, మొదటి నుంచీ నిజాయితీగానే చేశానని సంతోషించాను.

రేషను షాపులో చూడు. అమ్మ వేలు పెట్టినా నేను వేలు పెట్టినా బియ్యం మొత్తం ఇంటికే వస్తుంది. నీ వాటా తినే మనిషి దుబాయిలో ఉందా సౌదీలో ఉందా అని డీలరు అడగడు. మనిద్దరం ఒకే కార్డు. గంటలు కూడా అలాగే ఇంటి లెక్కన పడతాయనుకున్నాను. పడవా?

ముప్పై గంటలూ అయిపోయాయి. నాలుగు సర్టిఫికెట్లూ అద్దం కట్టించి హాల్లో పెట్టాను.

ఏం చేశానో ఇంకా అర్థంకాని
నెహెమ్యా

తా.క.: ఫారం లైసెన్సు నంబరు అడిగింది. నా కండక్టరు లైసెన్సు నంబరు వేశాను, మారుమాట్లాడకుండా తీసుకుంది.

*

ఖమీస్ ముషైత్,
మే 14

శ్రీవారికి.

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. రేషను బియ్యం దగ్గరికొచ్చేసరికి నవ్వొచ్చింది, అయ్యాక మళ్ళీ ఏడ్చాను. మీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను గానీ, ఉంది. నా మీద ఇంకా ఎక్కువ ఉంది. ఫారం నింపడం కూడా మొగుడికి అప్పగించి కూర్చున్నాను.

పదో తేదీన లైసెన్సు పోయింది. కొత్త తరగతులు మళ్ళీ జూన్ చివర్లోనట. నన్ను వార్డులోంచి తీసేసి స్టోరు గదిలో దుప్పట్లు మడతపెట్టే పని ఇచ్చారు. నెలలోపు కాగితాలు తేకపోతే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి పంపేస్తారు.

ఉమ్ సాలిహ్ అనే ముసలావిడ ఆరేళ్ళుగా నా చేతే సూది వేయించుకుంటోంది. నిన్న కొత్త పిల్ల మూడుసార్లు గుచ్చింది. ఆవిడ “వేన్ దయా? వేన్ దయా?” అని, దయ ఎక్కడని నన్నే అడుగుతూ ఒకటే కేకలు. నేను గుమ్మం అవతల దుప్పట్లు పట్టుకుని నిలబడ్డాను. ఆ నరం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. లోపలికెళ్ళి సూది పట్టుకుంటే మాత్రం నేరం. ఇంత బాధ నాకు ఎప్పుడూ కలగలేదండీ.

దయావతి

తా.క.: నా స్థానంలోకి మనిషి కావాలని ఏజెంట్లకు రాశారట. అత్తయ్యగారికి ఇక చెప్పేయండి. స్తుతికూటమే పెట్టుకుంటారో, ఇంకేం పెట్టుకుంటారో.

*

పాలకొల్లు,
మే 20

దయా,

ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించాను.

నిన్న విజయవాడ నుంచి ఒక ఏజెంటు ఫోన్ చేశాడు. తరగతులు పూర్తి చేసినవాళ్ళ జాబితాలో నా పేరు చూశాడట. “మీలాంటి నర్సు కోసమే ఎతుకుతున్నామండి” అన్నాడు. “నేను బస్సు కండక్టర్నండి బాబూ” అన్నాను. “మంచిదే కదండి, రద్దీలో పనిచేసిన అనుభవం. కాగితాలు తాజాగా ఉన్నాయి, మిగతాయి మేం చూసుకుంటాం” అన్నాడు. ఏ ఊరంటే ఖమీస్ ముషైత్. ఏ వార్డంటే డయాలసిస్. ఎవరి బదులు అని అడిగాను. “ఎవరో దయావతంటండి, చదువు సరిపోలేదని తీసేశారు” అన్నాడు.

వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. నా జన్మలో అంత బూతు మాట్లాడలేదు, అమ్మ వచ్చి చూసింది. ముప్పై గంటలు విన్నాక కూడా ఒక సూది పట్టుకోవడం నాకు తెలియదు దయా. నువ్వు పంతొమ్మిదేళ్ళుగా ఏం చేస్తున్నావో మాత్రం తెలిసింది. ఇంతకాలం అడగనందుకు సిగ్గుగా ఉంది.

తిట్లన్నీ విని వాడు తాపీగా ఇంకో మాట చెప్పాడు. ఈ ఉద్యోగానికి ఫ్యామిలీ వీసా ఉందట, భార్యను వెంట ఉంచుకోవచ్చట. నేను రాను, ఆ ఉద్యోగం చేయను. ఎవరి ప్రాణమైనా పోతుంది. కానీ నువ్వు అక్కడ ఉండటానికి దారేమైనా ఉందేమోనని వాడు పంపిన ఫారం తెరిచి చూశాను.

నీ
నెహెమ్యా

తా.క.: అందులో భార్య ఏం చేస్తుంటుందని ఒక గడి ఉంది. ‘గృహిణి’ అని నొక్కితే వెంటనే తీసుకుంటోంది. ‘నర్సు’ అని నొక్కితే చెల్లదని ఎర్ర అక్షరాలొస్తున్నాయి. అరగంట నుంచి ‘నర్సు’ అనే నొక్కుతున్నాను.