ఆయాసం ఉందంటే ఏమన్నారంటే

భీమవరం

చిరంజీవి మంజుషకు అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ నాన్నగారూ, రొయ్యల చెరువులూ బాగానే ఉన్నాం. మీ నాన్నగారి కోపం కూడా ఎప్పటిలాగే ఉంది, కాబట్టి ఆయన ఆరోగ్యం గురించి బెంగపడకు. పుణేలో నువ్వు వేళకి తింటున్నావనుకుంటున్నాను.

స్కూబా డైవింగ్ కోర్సు గురించి అడిగావు కదా. వైజాగ్‌లో ఒకచోట సగం ధరకే నేర్పుతున్నారు, చివరికి ఇచ్చే కార్డు ఒకటే, అలాంటప్పుడు రెండోచోట రెట్టింపు ఎందుకు పోయాలి అని రాశావు. నాకూ అదే అనుమానం వచ్చింది. రొయ్య పిల్ల కొనడానికి భీమిలి వైపు హేచరీలకు వెళ్లినప్పుడు ఆ రెండుచోట్లకీ వెళ్లాను. మీ నాన్నగారికి చెప్పలేదు. నువ్వూ ఫోన్‌లో అనకు, ఆయన పక్కనే ఉంటారు.

రొయ్య పిల్లను ఎలా కొంటామో నీకు తెలుసు. హేచరీవాళ్ల మాట వినం. కాసిన్ని పిల్లల్ని గిన్నెలో వేసి, ఉప్పు తగ్గించిన నీళ్లు పోసి, తట్టుకుంటాయో లేదో చూస్తాం. వీళ్లనీ అలాగే చూద్దామనిపించింది. రెండుచోట్లా ఒకటే మాట చెప్పాను. నేర్చుకోవాలనుంది, కానీ నాకు ఆయాసం ఉంది అని.

చవకచోట ఉన్న అమ్మాయి నవ్వేసింది. "ఏం పర్లేదాంటీ, ఫారంలో లేదని రాసేయండి, ఎవరూ చూడరు. రేపే సముద్రంలోకి తీసుకెళ్లిపోతాం" అంది. ఎంత తీయగా మాట్లాడిందో!

రెండోచోట జ్ఞానప్రకాశం అనే అబ్బాయి నేర్పుతాడు. ముందు ఈతకొలనులో నేర్పి, ఆ తర్వాతే సముద్రమట. ఒక్కో మాస్టారి చేతికింద ఇద్దరు ముగ్గురికి మించి పెట్టరట. నా ఫారం నింపుతున్నవాడల్లా, ఆ మాట వినగానే పెన్ను మూసేశాడు.

"ఛాతీ డాక్టరుగారు చూసి సరేనంటే తప్ప మిమ్మల్ని దింపనండి."

"ఇంకో నాలుగు డబ్బులు ఎక్కువిస్తానయ్యా."

"ఎంతిచ్చినా అంతేనండి. ఆయాసం ఉన్నోళ్లకి లోపల గాలి ఇరుక్కుపోద్దండి. పైకొచ్చేటప్పుడు అది ఉబ్బి ఊపిరితిత్తి చిరిగిపోవచ్చండి."

అడుగున చెవులకి ఏమవుతుంది, మాట్లాడుకోవడం ఎలా, చేపలు మనల్ని చూసి పారిపోతాయా అని ఇంకా బోలెడు అడిగాను. పాపం, విసుక్కోకుండా అన్నీ చెప్పాడు. కానీ దింపనంటే దింపనన్నాడు.

ఇక అసలు సంగతి. నీ కోసమే వెళ్లినట్టు రాశాను గానీ, నా సంచిలో తువ్వాలూ, మార్చుకోవడానికి పంజాబీ డ్రెస్సూ ఉన్నాయే మంజూ. ఇన్నేళ్లు చెరువు గట్టు మీద నిలబడి నీళ్లని పైనుంచే చూశాను. ఒక్కసారి లోపల్నుంచి చూడాలని ఎంత ఆశగా ఉందో! అతను కాదనేసరికి కారులో ఏడుపొచ్చేసింది. చవకచోటికే పోనిమ్మని డ్రైవర్‌తో అన్నాను కూడా. సగం దారిలో నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పుడు మబ్బుపట్టిందంటే చాలు, నా ఒళ్లో కూర్చుని ఈల వేసినట్టు ఊపిరి తీసేదానివి. నా ఆయాసమే నీకూ వచ్చింది. ఇప్పటికీ ఇన్‌హేలర్ లేనిదే గడప దాటవు. అయినా ఉత్తరంలో దాని ఊసే ఎత్తలేదేం? ఆ అమ్మాయి నీకూ అదే సలహా ఇచ్చి ఉంటుందని భయమేసింది. కారు వెనక్కి తిప్పించేశాను.

జ్ఞానప్రకాశం దగ్గరే చేరు. నీ ఆయాసం సంగతి దాచకుండా చెప్పు. డాక్టరుగారు సరేనంటే రెట్టింపు డబ్బు నేనే కడతాను. పైకి రాగానే లోపల ఎలా ఉందో ముందు నాకే చెప్పాలి. డాక్టరుగారు వద్దంటే ఒక్కదానివీ కూర్చుని ఏడవకు. నేనూ వైజాగ్ వచ్చేస్తాను. ఇద్దరం ఒడ్డున కూర్చుని, పైకొచ్చిన ప్రతివాళ్లనీ లోపల ఏం చూశారని అడుగుదాం.

ఇట్లు,
సంచిలోంచి తువ్వాలు ఇంకా తీయని మీ అమ్మ,
వరలక్ష్మమ్మ